ఉంగరం వద్దన్న రాజు

నేను పనిచేసే ఊరు మఫ్రఖ్. అరబ్బీలో ఆ మాటకు దారులు చీలే చోటు అని అర్థం. అబుదాబి నుంచి వచ్చిన రోడ్డు ఇక్కడే దుబాయికి, అల్ ఐన్‌కు, సౌదీ సరిహద్దుకు పోయే దారులుగా విడిపోతుంది. మన తెలుగువారి చరిత్రలో అటువంటి మఫ్రఖ్ ఏదని అడిగితే నూటికి తొంభైమంది తళ్ళికోట అంటారు. 1565 జనవరిలో రామరాయల తల తెగింది, విజయనగరం పాడుబడింది, అంతటితో కథ అయిపోయింది అని బడిలో చదువుకున్నాం. కథ అయిపోలేదు. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు పెనుగొండ చేరాడు. ఆయన కొడుకులు అక్కడి నుంచి చంద్రగిరికి, వేలూరుకు మారుతూ రాజ్యాన్ని నిలబెట్టుకొచ్చారు. వారిలో చివరివాడు వెంకటపతి రాయలు 1586 నుంచి 1614 దాకా, సుమారు 28 ఏళ్ళు పాలించి, చేజారినదాంట్లో కొంత తిరిగి సంపాదించాడు కూడా. తళ్ళికోట గాయం పెద్దదే. కాని ప్రాణం తీసింది అది కాదు. ప్రాణం పోయింది వేలూరు కోటలో. అప్పుడు గోడల చుట్టూ తురక సైన్యాలేవీ లేవు, ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే.

ఆ కోటలో కొద్ది నెలలు మాత్రం రాజుగా ఉండి, కుటుంబంతో సహా నాశనమైన రెండవ శ్రీరంగరాయల సంగతి ఇది. పాఠ్యపుస్తకాల్లో ఆయనకు దక్కేది ఒక వాక్యం. కొన్నింటిలో అదీ లేదు.

చిత్తూరు, నెల్లూరు, కడప జిల్లాలవారికి వేలూరు అంటే ఆసుపత్రి. ఊళ్ళో డాక్టరు పెదవి విరిస్తే రోగిని వేలూరు తీసుకుపోవడం మనకు తాతల నాటి నుంచీ అలవాటు. ఆ ఆసుపత్రికి నడిచిపోయేటంత దూరంలోనే కోట ఉంది. నల్లరాతి గోడలు, చుట్టూ నీళ్ళ కందకం, లోపల జలకంఠేశ్వరుని గుడి. రోగి బంధువులు పొద్దుపోక అక్కడ కాసేపు కూర్చుని వస్తుంటారు. రాజుల్ని బంధించడానికే ఆ కోట కట్టారా అనిపిస్తుంది. 1799 తర్వాత టిప్పు సుల్తాను కుటుంబాన్ని ఇంగ్లీషువాళ్ళు అందులోనే పెట్టారు. 1815లో పదవి పోగొట్టుకున్న కండి చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు 1832లో వేలూరులోనే కన్నుమూశాడు. ఆయనా మధుర నాయకుల బంధువర్గంవాడే, తెలుగు మూలాలవాడే. వీరందరికీ ముందు ఆ కోటలో ఖైదీ అయినవాడు దానికి రాజే. అదే ఈ కథలోని చోద్యం.

ఈ సంగతులు ఇంత వివరంగా మనకు చేరింది ఒక పోర్చుగీసు పాదిరీ వల్ల. మాన్యుయెల్ బర్రదాస్ అనే జెస్యూట్ పాదిరీ 1616 డిసెంబరు 12న కొచ్చిన్ నుంచి ఒక ఉత్తరం రాశాడు. లిస్బన్ దస్తావేజుల్లో పడి ఉన్న దానిని రాబర్ట్ సూయల్ 1900లో వేసిన తన విజయనగర చరిత్రలో ఇంగ్లీషులో చేర్చాడు. బర్రదాస్ ఉత్తరం రాసే నాటికి యుద్ధం ఇంకా తేలలేదు. ఎవరు గెలుస్తారో అతనికి తెలియదు. అందుకే నాకు ఆ ఉత్తరం మీద నమ్మకం. గెలిచినవాడికి అనుకూలంగా కథ అల్లుకునే అవకాశం అతనికి లేకపోయింది. అయితే అతను వేలూరులో నిలబడి కళ్ళారా చూసి రాసినవాడు కాదన్నది కూడా మరచిపోకూడదు.

ఇక కథలోకి వద్దాం. వెంకటపతి రాయలకు ఎందరు రాణులున్నా కొడుకు పుట్టలేదు. వారిలో గొబ్బూరివారి ఆడపడుచు ఓబాయమ్మ అంటే ఆయనకు ప్రాణం. బర్రదాస్ ఆమెను బాయమ్మ అన్నాడు. ఆమె చేయని ప్రయత్నం లేదు. చివరకు పుట్టింటి కొలువులో ఉన్న ఒక బ్రాహ్మణ స్త్రీ వచ్చి, తనకు నెల తప్పిందనీ, తమకూ నెల తప్పిందని రాణీగారు ప్రకటిస్తే పుట్టిన బిడ్డను గుట్టుగా అంతఃపురానికి పంపుతాననీ చెప్పిందట. రాణి తొమ్మిది నెలలు గర్భిణిగా నటించింది. బిడ్డ వచ్చాడు. ఊరంతా పండగ చేశారు.

వైద్యుడిగా రెండు మాటలు. నెల తప్పిన నాటి నుంచి పురుడు దాకా ఇంటిల్లిపాదినీ మభ్యపెట్టడం ఈ రోజుల్లో కష్టం కాని, ఆ నాటి అంతఃపురంలో అసాధ్యం కాదు. మగ వైద్యుడు రాణి చేయి పట్టి నాడి చూడటమే గొప్ప. ఇక రెండోది. ఇంతమంది రాణులుండి కొడుకు కలగకపోతే లోపం ఆడవారిదేనని ఎవరైనా అంటే ఒప్పుకునే వైద్యుడు నేడు లేడు. ఓబాయమ్మ చేసినదానిని మోసమనే అందరూ రాశారు. మోసమే. కాని బిడ్డ లేని రాణికి ఆ అంతఃపురంలో, ఆ పుట్టింటివాళ్ళ మధ్య, ఏం విలువ ఉండేదో కూడా ఆలోచించాలి. మా వార్డులకు వచ్చే తల్లుల్లో ఆ భయం నేటికీ పూర్తిగా పోలేదు.

అసలు తప్పు నా దృష్టిలో రాజుది. సంగతి ఆయనకు తెలుసునంటాడు బర్రదాస్. తెలిసి, భార్య మీది ప్రేమతో ఊరుకున్నాడు. ఊరుకుని ఉన్నా బాగుండేది. పిల్లవాడికి చిక్కరాయలు అని పేరు పెట్టాడు. చిక్కరాయలు అంటే యువరాజు. పట్టానికి వారసుడైనవాణ్ణే అలా పిలుస్తారు. పేరు పెట్టి మళ్ళీ కొడుకులా చూడలేదు. చంద్రగిరి నగరులో కట్టడి చేసి, రాణి వెంట తప్ప గడప దాటనీయలేదు. పద్నాలుగో ఏట తన మేనకోడలినిచ్చి పెళ్ళి చేశాడు, అదీ బావమరిది ముఖం చూసి. ఒక చేత్తో యువరాజును చేస్తూ రెండో చేత్తో దాచిపెడుతూ పద్నాలుగేళ్ళు గడిపాడు. గొబ్బూరివాళ్ళు మాత్రం పద్నాలుగేళ్ళూ తమ మేనల్లుడే రేపటి రాజు అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నారు. వాళ్ళ ఆశను పెంచింది జగ్గరాయడొక్కడే కాదు, పెద్దాయన మౌనం కూడా.

ఊళ్ళో పొలాలు, ఇళ్ళు ఉండి, ఎవరికి ఏమిటో చెప్పకుండా ఇక్కడ ఏళ్ళ తరబడి కాలం గడిపే మనబోటివాళ్ళం ఈ పేరా ఇంకోసారి చదివినా తప్పు లేదు.

ఆ పిల్లవాడు నిజంగా కొడుకు కాదా అని అనుమానించేవారూ ఉన్నారు. అనుమానంలో న్యాయం లేకపోలేదు. ఈ యుద్ధం గురించి మనకు మిగిలిన తెలుగు, సంస్కృత కావ్యాలు గెలిచిన తంజావూరు కొలువులోనో, వెలుగోటివారి అండనో పుట్టినవి. జగ్గరాయడి పక్షాన రాసిన కవి ఒక్కడూ లేడు. ఓడినవాడి మేనల్లుడు కుండమార్పిడి బిడ్డ అని చెప్పడం గెలిచినవాడికి లాభమే. అయినా రాజు ఆ పిల్లవాణ్ణి దాచిన తీరు చూస్తే, చివరి క్షణంలో పక్కన పెట్టిన తీరు చూస్తే, బర్రదాస్ మాటే నిజమై ఉంటుందని నా అభిప్రాయం. నిజమైనా కాకపోయినా దాని ఫలితంలో మార్పేమీ లేదు.

1614 అక్టోబరు. రాయలకు 67వ ఏడు. మంచం పట్టాడు. ఇక మూడు రోజులకు పోతాడనగా సామంతులను పిలిచి, తన అన్న రామరాయల కొడుకు శ్రీరంగణ్ణి దగ్గరకు రమ్మన్నాడు. ఇతని అన్న తిరుమల శ్రీరంగపట్నంలో రాజప్రతినిధిగా ఉండి 1610లో దానిని మైసూరు రాజ ఒడెయరుకు పోగొట్టుకున్నవాడు. అందుకే పెద్దవాణ్ణి కాదని చిన్నవాణ్ణి ఎంచుకుని ఉంటాడు ముసలిరాజు. రాజముద్ర ఉన్న ఉంగరం చేయి ముందుకు చాచాడు, తీసుకోమన్నట్టు. శ్రీరంగడు బావురుమన్నాడు. ఎవరికైనా ఇవ్వండి, నాకు వద్దు అని పినతండ్రి కాళ్ళ మీద పడ్డాడు. లేవనెత్తి పక్కన నిలబెట్టారు. మళ్ళీ చేయి చాచాడు రాజు. ఇతను రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని మన్నించమన్నాడు. అప్పుడు ముసలాయన ఉంగరాన్ని వేలి కొసకు తెచ్చి రెండోసారి ఇవ్వబోతే, చుట్టూ ఉన్న దొరలు చెప్పగా, తీసుకుని కళ్ళకద్దుకునే బదులు నెత్తిన పెట్టుకుని, ఏడుస్తూనే వేలికి తొడుక్కున్నాడు.

ఆ తర్వాత రాజు తన రాజవస్త్రం తెప్పించి ఇచ్చాడు. దాని విలువ 2 లక్షల క్రుజాదోలట. చెవికి పెట్టుకునే పెద్ద వజ్రం 6 లక్షలకు పైన. చెవిపోగులు 2 లక్షలకు పైన. క్రుజాదో అంటే అప్పటి పోర్చుగీసు నాణెం. ఈ అంకెలు గుర్తుంచుకోండి, మళ్ళీ వాటి అవసరం వస్తుంది.

మూడో రోజున రాయలు పోయాడు. ఆయన తోటలోనే గంధపు చెక్కలతో దహనం చేశారు. ముగ్గురు రాణులు ఆ మంటల్లో దూకారు. ఆ నెలలోనే మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ తరఫున వ్యాపారం చేస్తున్న ఫ్లోరిస్ అనేవాడికి ఈ కబురు చేరింది. దూకిన ముగ్గురిలో పులికాటు రాణి ఓబమ్మ ఒకతె అని అతని దినచర్యలో ఉంది. పులికాటులో అప్పుడే కోట కట్టుకున్న డచ్చివాళ్ళు ఇక ఏమవుతుందోనని హడలిపోతున్నారని కూడా రాసుకున్నాడు. అతను విన్నది నిజమైతే, ఏ తల్లి కోసం ఆ అబద్ధం పుట్టిందో ఆ తల్లి గొడవ మొదలు కాకముందే బూడిదైంది. ఆ అబద్ధం మాత్రం ఆమె అన్నదమ్ముల చేతిలో బతికింది.

శ్రీరంగరాయలు గద్దె ఎక్కాడు. ముగ్గురు తప్ప అందరూ వచ్చి మొక్కారు. ఆ ముగ్గురి బలం బర్రదాస్ లెక్కలో ఇలా ఉంది: గొబ్బూరి జగ్గరాయడికి ఏటా 6 లక్షల క్రుజాదోల రాబడి, 20,000 మంది సైన్యం. తిమ్మానాయకుడికి 4 లక్షలు, 12,000 మంది. మాకరాజుకు 2 లక్షలు, 6,000 మంది. ముగ్గురివీ కలిపితే 38,000. ఇప్పుడు ముందు చెప్పిన వజ్రాన్ని తలచుకోండి. రాజు చెవిన వేలాడే ఒక్క రాయి జగ్గరాయడి ఏడాది రాబడికి సమానం. కాని జగ్గరాయడి 6 లక్షలూ ఏటా పొలాల నుంచి వచ్చేవి, 20,000 మందికి జీతబత్తెం పెట్టేవి. చెవిలో రాయి ఒక్క బంటుకు కూడా గంజి పొయ్యదు. విజయనగర రాజ్యానికి పునాది అమరనాయంకరం. రాజు నాయకులకు సీమలు రాసిచ్చేవాడు, వాళ్ళు రాబడిలో కొంత కప్పం కట్టి, మిగతాదానితో ఇంత సైన్యమని నిలిపి, పిలిచినప్పుడు తెచ్చేవాళ్ళు. కృష్ణరాయలవంటివాడు ఉన్నంతకాలం ఆ సైన్యాలన్నీ రాజువే. లేనినాడు రాజుకు మిగిలేది ఉంగరం.

ఇలాంటి స్థితిలో కొత్తరాజు మొదటి రోజుల్లో ఏం చేయాలి? శ్రీరంగరాయలు బాకీలు వసూలు చేయడం మొదలుపెట్టాడు. సేనాధిపతి అయిన దళవాయిని మూడు కోటలు వదులుకోమన్నాడు, వాటిని తన కొడుకులకు ఇవ్వడానికి. మంత్రిని లక్ష క్రుజాదోలు కక్కమన్నాడు, పినతండ్రి ఖజానా నుంచి నొక్కేశావని. నరపరాజు అనే దొరను, నీ చెల్లెలు రాణీగారు నీకు ఇచ్చిన నగలు తెచ్చి అప్పగించమన్నాడు. ముగ్గురూ రెండు రోజుల్లో తెస్తామని వినయంగా చెప్పి, సరాసరి జగ్గరాయడితో చేతులు కలిపారు.

ఉంగరం వద్దని ఏడ్చినవాడూ, వారం తిరక్కుండా లెక్కలడిగినవాడూ ఒకడేనా అనిపిస్తుంది. నాకైతే అందులో వైరుధ్యం కనబడదు. ఇష్టం లేకుండా కుర్చీలో కూర్చున్న నిజాయితీపరులు తరచు ఇలాగే చేస్తారు. ఎటూ కూర్చోబెట్టారు గనుక ఇల్లు శుభ్రం చేద్దామనుకుంటారు. మంత్రి డబ్బు తిని ఉండవచ్చు. నగలు నిజంగా రాజ్యానివే కావచ్చు. అయినా తన కత్తి ఎవరి చేతిలో ఉందో చూసుకోకుండా ఆ చేతినే లెక్క అడిగాడు. అయితే కోటలు తన కొడుకులకు అనడంలో నిజాయితీ కూడా లేదు, అది సొంత ఇంటి తాపత్రయమే.

రోమ్ చక్రవర్తి పెర్టినాక్స్ చేసినదీ ఇదే. బానిసత్వం నుంచి విడుదలైనవాడి కొడుకు, బడిపంతులుగా మొదలై సేనానిగా ఎదిగినవాడు, 193 జనవరి 1న అరవై ఆరేళ్ళ వయసులో చక్రవర్తి అయ్యాడు. అంతకు ముందున్న కొమోదస్ ఖజానా ఖాళీ చేసి పోయాడు. పెర్టినాక్స్ అతని విలాస వస్తువులు వేలం వేయించాడు, సైనికుల ఆగడాలను కట్టడి చేయబోయాడు. 87 రోజులయ్యాయి. మార్చి 28న తన కాపలాదళంలోని సైనికులే కత్తులతో నగరులోకి వచ్చారు. పారిపోవచ్చు. పోలేదు. ఎదురుగా వెళ్ళి నచ్చజెప్పబోయాడు. తల నరికి ఈటెకు గుచ్చారు. ఆ తర్వాత అదే కాపలాదళం సింహాసనాన్ని వేలానికి పెట్టింది. పాడుకున్న దిదియస్ జూలియానస్ 66 రోజులు ఏలి తనూ తల పోగొట్టుకున్నాడు. అంతకు నూటపాతికేళ్ళ ముందు గాల్బా అనే ముసలి చక్రవర్తి, నీరో ఎవరెవరికో ఇచ్చిన బహుమానాలు తిరిగి రాబట్టబోయి ఏడు నెలల్లో హతుడయ్యాడు. నరపరాజును నగలు అడిగిన శ్రీరంగడికి ఈ కథలు తెలిసే దారి లేదు. తెలిసినా అడిగేవాడేనేమో.

రోమ్‌కూ వేలూరుకూ తేడా కూడా చెప్పాలి. పెర్టినాక్స్‌ను చంపినవాళ్ళు జీతగాళ్ళు, వాళ్ళకు కావలసింది డబ్బు. శ్రీరంగణ్ణి కూల్చినవాళ్ళు చుట్టాలు, వాళ్ళకు కావలసింది మేనల్లుడు గద్దె మీద ఉండటం. డబ్బు ఇచ్చి జీతగాణ్ణి శాంతింపజేయవచ్చు. వియ్యపు పగకు ఆ మందు లేదు.

జగ్గరాయడు, తిమ్మానాయకుడు, మాకరాజు, తామూ వచ్చి మొక్కుతామని కబురు పెట్టారు. రాజు నమ్మి రానిచ్చాడు. జగ్గరాయడు 5,000 మందితో, మిగిలిన ఇద్దరూ చెరి 2,000తో వచ్చారు. మొక్కడానికి 9,000 మంది ఎందుకని అడిగినవాడు లేడు. మొదటి ద్వారం దగ్గర వెయ్యి, రెండో ద్వారం దగ్గర వెయ్యి నిలిపాడు జగ్గరాయడు. అవతలి ద్వారాలు దళవాయి పట్టుకున్నాడు. అలజడి రేగి నగరు తలుపులు మూయించేసరికి వాళ్ళు వాటిని పగలగొడుతున్నారు. బయటికి వస్తే ప్రాణానికి హాని లేదని మాకరాజు మాట ఇచ్చాడు. రాజు భార్యాబిడ్డలతో బురుజు దిగాడు. ముఖం గంభీరంగా, చూపు నేల మీద పెట్టుకుని సైనికుల మధ్యగా నడిచిపోయాడు. చేతులెత్తి మొక్కినవాడు ఒక్కడూ లేడు. నిన్నమొన్న వరుసలో నిలబడి దణ్ణం పెట్టిన చేతులే అవి.

ఒక్కడు మాత్రం లొంగలేదు. వెలుగోటి యాచమనాయుడు, తర్వాతి వెంకటగిరి సంస్థానాధీశుల వంశంవాడు, 8,000 మందితో కోట బయట ఉన్నాడు. తండ్రి ఎవరో తెలియనివాడికి మొక్కనని తెగేసి చెప్పాడు. సీమలిస్తాం, హోదాలిస్తాం అన్నారు. కదల్లేదు. యాచముడికి గొబ్బూరివారి పెత్తనం గిట్టకపోవడం కూడా ఇందులో ఉండే ఉంటుంది, అంతా స్వామిభక్తే అనుకోనక్కరలేదు. కాని అంతమంది అటు వెళ్ళినప్పుడు 8,000తో ఇటు నిలబడటం మామూలు ధైర్యం కాదు.

కోట పగలగొట్టే బలం లేదు. అందుకని యాచముడు రాజుగారి బట్టలు ఉతికే చాకలిని పిలిపించాడు. నాకు ఈ కథ అంతటిలోకీ గొప్పవాడు ఇతనే. ఉతికిన బట్టల మూటలో తాటాకు ఉత్తరం లోపలికి చేరవేశాడు: ముగ్గురు కొడుకుల్లో ఒకణ్ణయినా పంపండి. పెద్దవాడికి పద్దెనిమిది, మూటలో పట్టడు. రెండోవాడు రాముడికి పన్నెండు. తండ్రి ఆ పిల్లవాణ్ణి అప్పగించాడు. నొప్పి పుట్టినా కేక వేయవద్దని చెప్పి మాసిన బట్టల్లో చుట్టి, పైన ఎవరూ తాకడానికి ఒప్పని మురికిగుడ్డలు వేసుకుని, చాకలి కాపలావాళ్ళ మధ్య నుంచి బయలుదేరాడు. పన్నెండేళ్ళ పిల్లవాడి బరువు, మూటలో గాలి ఆడకపోవడం, అతను తొట్రుపడకుండా నడవాల్సిన దూరం, ఇవన్నీ ఊహించుకుంటే నాకు గుండె జారుతుంది.

దారి పొడుగునా అతను ఒక కేక వేశాడట. బర్రదాస్ దానిని తల్లా, తల్లా అని రాసి, దూరం, దూరం అని అర్థం చెప్పాడు. అది అరవం తళ్ళు అయి ఉండాలి. వేలూరు బస్టాండులో ఇవాళ దిగినా అదే మాట వినిపిస్తుంది. ఎవరూ ముట్టుకోకూడదని ఆ సమాజం ఏ మనిషినీ ఏ మూటనూ దూరంగా పెట్టిందో, ఆ దూరమే కాపలావాళ్ళను పక్కకు తప్పించింది. మైలకు జడిసి ఒక్క బంటూ మూట విప్పలేదు. ఆరవీటి రాజవంశం ఆ సంజ అలా గట్టెక్కింది. చాకలి మూడు రోజులు పిల్లవాణ్ణి తన ఇంట్లో దాచి, తర్వాత యాచముడి దండులో అప్పజెప్పాడు. లక్షల క్రుజాదోల వజ్రం విలువ రాసిపెట్టిన బర్రదాస్ ఉత్తరంలో ఈ మనిషి పేరు లేదు.

సంగతి తెలిసి జగ్గరాయడు కొన్నాళ్ళు ఇల్లు కదలలేదు. ఖైదు గట్టి చేసి, రాజకుటుంబానికి అన్నం, నాసి కూర తప్ప మరేమీ పెట్టవద్దన్నాడు. యాచముడు సొరంగం తవ్వించి రాజును తప్పించబోయాడు, అది బయటపడింది. మరోసారి, జగ్గరాయడు దొరలందరికీ విందు చేస్తున్న వేళ, 500 మంది కాపలా నాయకుణ్ణి లోబరచుకుని ప్రయత్నించాడు. అతను అడ్డమున్నవాళ్ళను నరికేశాడు కాని రాజు దాకా చేరేలోగా జగ్గరాయడి మనుషులు వచ్చిపడ్డారు. రాజు బతికున్నంతకాలం ఇది తెగదని జగ్గరాయడికి ఆ రోజు అర్థమైంది.

తమ్ముడు చినఓబరాయణ్ణి బురుజులోకి పంపాడు. నీ చేత్తో నువ్వు చస్తావా, నన్ను చంపమంటావా అన్నది కబురు. ఈ తప్పించే ప్రయత్నం సంగతి తనకేమీ తెలియదని శ్రీరంగరాయలు చెప్పుకున్నాడు. లాభం లేకపోయింది. భార్యను పిలిచి కాసేపు మాట్లాడి ఆమెను కత్తికి బలి ఇచ్చాడు. చిన్న పిల్లలనూ అలాగే. పెద్దకొడుకు తన భార్యను చంపాడు. తండ్రి కత్తి మీద పడ్డాడు, కొడుకు తండ్రిని అనుసరించాడు. ఒక చిన్న ఆడపిల్ల మాత్రం మిగిలింది. ఆమె మీద తండ్రికి చేయి రాలేదు. ఆ పని చినఓబరాయడు చేశాడు.

ఇది రాసేటప్పుడు బర్రదాస్ కూడా తన దుఃఖాన్ని ఆపుకోలేదు. నేను దీనికి వ్యాఖ్యానం చేయను.

జగ్గరాయడు లెక్క తప్పింది ఇక్కడే. రాజును చంపితే పేచీ తీరుతుందనుకున్నాడు. అంతదాకా అతని పక్కనున్న దొరలే కొందరు ఆ ఘోరానికి అసహ్యించుకుని యాచముడి దండులో చేరారు. మూటలో బయటపడ్డ పన్నెండేళ్ళవాడు వాళ్ళకు రాజయ్యాడు. పోరు వేలూరు నుంచి దక్షిణానికి పాకింది. మధుర ముత్తువీరప్ప నాయకుడు, జింజి కృష్ణప్ప నాయకుడు జగ్గరాయడి వైపు. తంజావూరు రఘునాథ నాయకుడు యాచముడి వైపు. తిరుచిరాపల్లి మైదానాల్లో రెండు వైపులా కలిపి పది లక్షల సైన్యం దిగి ఉందని బర్రదాస్ విన్నాడు. అది నమ్మదగ్గ అంకె కాదు. కాని రెండేళ్ళుగా ఎవరి పొలం ఎవరు తొక్కుతున్నారో తెలియని ఆ సీమ జనానికి అలాగే తోచి ఉండవచ్చు. 1616–17లో కావేరీ ఒడ్డున కల్లణై ఆనకట్ట దగ్గరి తోపూరులో జగ్గరాయడు హతుడయ్యాడు. ముత్తువీరప్ప ఓడాడు. రామదేవరాయలు రాజయ్యాడు.

తమిళనేల మీద, కావేరీ నీళ్ళు తాగి, తెలుగు దొరలు తెలుగు దొరలతో చేసిన యుద్ధమది. పరాయిచోట పదిమంది తెలుగువాళ్ళు చేరితే రెండు సంఘాలవుతాయని మనల్ని మనమే ఎగతాళి చేసుకుంటాం. ఆ ఆనవాయితీ 1617 నాటికే పాతబడింది.

తోపూరుతోనూ గొడవ తెగలేదు. జగ్గరాయడి మరో తమ్ముడు ఎతిరాజు పోరు సాగిస్తూనే వచ్చాడు. ఎన్నాళ్ళకూ తెమలక, చివరకు రామదేవరాయలు ఎతిరాజు కూతుర్ని పెళ్ళాడి సంధి చేసుకున్నాడు. అంటే తన తల్లిదండ్రుల చావుకు కారణమైనవాడి తమ్ముడు ఆయనకు మామగారయ్యాడు. తన చిట్టి చెల్లెలిని నరికినవాడు పెళ్ళికూతురికి తండ్రి వరుస. ఆ పెళ్ళిపీటల మీద ఆయన ఏమనుకున్నాడో ఏ కవీ రాయలేదు.

ఆ గొడవకు మూలకారణం పెళ్ళి వల్లా పోలేదు. రామదేవరాయలు 1632లో చనిపోయాడు. చాకలి మూటలో దాక్కున్ననాడు పన్నెండు, పోయేనాటికి సుమారు ముప్పై. ఆయనకూ పిల్లలు లేరు. అళియ రామరాయల మనుమడు పెదవెంకటుణ్ణి వారసుడిగా చెప్పి పోతే, పినతండ్రి వరుసైన తిమ్మరాజు ఒప్పుకోక అధికారం లాక్కున్నాడు. 1635 దాకా మళ్ళీ కొట్టుకున్నారు. ఆ పెదవెంకటరాయల ఏలుబడిలోనే, 1639లో, దామెర్ల వెంకటాద్రి నాయకుడు సముద్రపుటొడ్డున కొంత ఇసుకనేలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చాడు. అక్కడ లేచిన పట్నానికి అతని తండ్రి చెన్నప్ప పేరు నిలిచింది. 1646లో గోల్కొండ, బీజాపూరు సేనలు వేలూరు మీదికి వచ్చినప్పుడు కోటలో ఉన్న రాజు పేరు కూడా శ్రీరంగరాయలే, మూడవవాడు. అప్పటికి తంజావూరు, మధుర, జింజి నాయకుల మీద ఆయన అధికారం బలహీనపడింది.